విశ్వాసానికి ఎదిరింపు వచ్చినప్పుడు దేవుని ఏర్పాటును నమ్ముకొని నడవడం ఎలా

క్రీస్తును నమ్ముకున్నందుకు ఇంట్లోవారు మాట్లాడడం మానేసినప్పుడు, పనిచేసే చోట ఎగతాళి మొదలైనప్పుడు, లేదా బెదిరింపు ఏకంగా గుమ్మం దాకా వచ్చినప్పుడు, తోటి విశ్వాసుల నోట మొదట వినిపించేది సాధారణంగా “అంతా మన మేలుకే” అన్న మాట. అది అబద్ధమేమీ కాదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయం 28వ వచనం మీద నిలబడిన మాటే. కానీ ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అంటున్నారన్న దాన్ని బట్టి అదే మాట పుండుకు మందూ కాగలదు, పుండు మీద కారమూ కాగలదు. దేవుని ఏర్పాటును నమ్మడమంటే జరిగిన ప్రతి సంఘటన వెనుక ఆయన ఉద్దేశం ఏమిటో అప్పటికప్పుడు చెప్పగలగడమని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే దానికి నమ్మకమని కాక జోస్యమని పేరు పెట్టాలి. ఫలితాన్ని ఆయనకు విడిచిపెట్టి, ఈ రోజు మన చేతిలో ఉన్న పనిని భయమూ ద్వేషమూ లేకుండా చేయడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

కష్టం దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడం

మొదట చేయవలసిన పని ప్రార్థన కంటే కూడా ముందు ఉంటుందంటే ఆశ్చర్యంగా ఉండవచ్చు గాని, పేతురు తన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఈ సంగతినే ముందు పెట్టాడు. క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడనక్కరలేదని చెప్పే ముందు వచనంలోనే, నరహంతకుడుగా గాని దొంగగా గాని దుర్మార్గుడుగా గాని పరుల జోలికి పోయేవాడుగా గాని ఎవరూ బాధ అనుభవించకూడదని హెచ్చరించాడు. హత్యతో, దొంగతనంతో మొదలైన ఆ వరుస పరుల జోలికి పోవడం దగ్గర ముగియడం గమనించదగినది. మనలో ఎక్కువమంది చిక్కుకునేది ఆ చివరి దాని దగ్గరే.

కాబట్టి ఒక కాగితం తీసుకొని మధ్యలో గీత గీయండి. ఒకవైపు ఎదుటివారు ఏమన్నారో, ఏం చేశారో వారి మాటల్లోనే రాయండి. రెండవవైపు అంతకు ముందు మీరు ఏమన్నారో, ఏం చేశారో అంతే నిజాయితీగా రాయండి. పై అధికారి మందలించింది మీ విశ్వాసాన్ని బట్టా, లేక పని వేళల్లో మీరు పని మాని బోధించినందుకా? అన్నయ్య కోపం క్రీస్తు మీదా, లేక నలుగురిలో ఆయన భక్తిని మీరు హేళన చేసినందుకా? రెండవవైపు తప్పు కనిపిస్తే దానికి క్షమాపణ అడగాలి, అది కూడా “కానీ” అనే మాట చేర్చకుండా అడగాలి. అలా అడిగిన తర్వాత కూడా ఎదిరింపు మిగిలి ఉంటే, అది దేనికి వచ్చిందో మీకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ స్పష్టత లేనివారు తమ తప్పుకు పడే శిక్షను కూడా సిలువ అని పిలుచుకొంటారు.

వివరణ చెప్పడానికి తొందరపడకపోవడం

యోసేపు కథను మనం ముగింపు నుండి చెప్పుకోవడానికి అలవాటు పడ్డాము. మీరు నాకు కీడు చేయాలని చూశారు గాని దేవుడు దానిని మేలుకే ఉద్దేశించాడని అన్నలతో అతడు అన్న మాట ఆదికాండము 50వ అధ్యాయంలో ఉన్నది. ఆ మాట అన్నప్పుడు అతని వయసెంతో ఒకసారి లెక్క వేద్దాం. అన్నలు ఇరవై తులముల వెండికి అతనిని అమ్మివేసేనాటికి పదిహేడేండ్లవాడు. ఐగుప్తు రాజైన ఫరో ఎదుట నిలిచినప్పుడు ముప్పై. ఆ తర్వాత ఏడు సంవత్సరాల సమృద్ధి, రెండు సంవత్సరాల కరవు గడిచాక తండ్రి యాకోబు ఐగుప్తుకు వచ్చాడు. వచ్చినప్పుడు యాకోబుకు 130, చనిపోయినప్పుడు 147. అంటే తండ్రి మరణం తర్వాత ఆ మాట పలికేటప్పటికి యోసేపుకు యాభై ఆరు సంవత్సరాలు దాటి ఉండాలి. అన్నలు గుంటలో పడవేసిన రోజుకూ ఆ వాక్యానికీ మధ్య దాదాపు నలభై ఏండ్లు ఉన్నాయి.

మరి ఐగుప్తులో అబద్ధపు నింద మీద చెరసాలలో ఉన్నప్పుడు అతడు ఏమన్నాడు? తనతో పాటు చెరలో ఉన్న పానదాయకుల అధిపతితో, అంటే ఫరోకు పానీయం అందించేవారి పెద్దతో మాట్లాడుతూ, తనను హెబ్రీయుల దేశం నుండి దొంగిలించి తెచ్చారని, ఇక్కడ కూడా చెరలో వేయదగిన పని తానేమీ చేయలేదని చెప్పి, ఫరో దగ్గర తన సంగతి ఎత్తి ఇక్కడి నుండి విడిపించమని బతిమాలుకున్నాడు. తనకు జరిగిన అన్యాయాన్ని అన్యాయమనే పిలిచాడు, బయటపడే దారి వెదికాడు, అయినా అతనిలో విశ్వాసం లేదని ఎవరూ అనరు. ఆ అధిపతి అతనిని మరచిపోయాడు. మరి రెండేండ్లు గడిచాయి. ఆ రెండేండ్లలో ఎవరైనా వచ్చి ఇదంతా కరవులో జనులను బ్రదికించడానికే జరుగుతున్నదని వివరించి ఉంటే, అది నిజమే అయినా, యోసేపు దానిని పరిశీలించి చూసుకునే మార్గం లేదు.

అందుచేత మీకు గాయమైన మొదటి రోజుల్లో “ఎందుకు” అన్న ప్రశ్నకు జవాబు మీరే కల్పించుకోకండి, ఇతరులు కల్పించి ఇస్తే మర్యాదగా పక్కన పెట్టండి. క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబుల రూపంలో బోధించే పుస్తకం, 1563లో వెలువడిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, దేవుడు సమస్తాన్ని తన చేతితో నిలుపుతున్నాడని తెలుసుకోవడం వల్ల మనకు కలిగే ప్రయోజనం ఏమిటని ప్రశ్నించి, మూడింటిని పేర్కొన్నది: కష్టంలో ఓర్పు, సుఖంలో కృతజ్ఞత, రాబోయే వాటి విషయంలో తండ్రి మీద భరోసా. కారణాలు తెలియడం ఆ జాబితాలో లేదు.

బెదిరింపును దేవుని ముందు పెట్టడం

ప్రార్థన ఎలా చేయాలో తోచనప్పుడు అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం 24 నుండి 30 వరకు ఉన్న ఏడు వచనాలను నమూనాగా తీసుకోవచ్చు. పేతురు, యోహానులు బెదిరింపులతో విడుదలై వచ్చిన తర్వాత సంఘమంతా కలిసి చేసిన ప్రార్థన అది. దాని నిర్మాణాన్ని నెమ్మదిగా చూడండి. ఆకాశాన్ని, భూమిని, సముద్రాన్ని కలుగజేసినవాడని మొదట దేవునిని సంబోధించారు. తర్వాత రెండవ కీర్తన నుండి రెండు వచనాలు గుర్తు చేసుకున్నారు. ఆ పిమ్మట యేసుకు విరోధంగా కూడుకొన్న పాలకులైన హేరోదును, పొంతి పిలాతును పేరు పెట్టి చెప్పి, వారు కూడా దేవుని సంకల్పం ముందుగా నిర్ణయించినదే చేశారని ఒప్పుకున్నారు. తమకు వచ్చిన బెదిరింపులను ఆ తర్వాత ఒక్క మాటలో ఆయన ముందుంచి, వాక్యాన్ని ధైర్యంగా చెప్పే శక్తిని, స్వస్థత కలిగేలా ఆయన చెయ్యి చాచడాన్ని అడిగారు. శత్రువులు పోవాలని గాని, బెదిరింపులు ఆగాలని గాని ఆ ప్రార్థనలో లేదు. అలా అడగడం తప్పని కాదు, కీర్తనల్లో అటువంటి మొరలు ఎన్నో ఉన్నాయి. అయితే ఆ రోజు వారికి అన్నిటికంటే అవసరమనిపించినది ధైర్యం.

మీరూ అదే వరుసలో మీ ప్రార్థనను రాసుకోండి. దేవుడెవరో ఒక వాక్యం, మీకు ఆనుకోవడానికి ఒక కీర్తన, మిమ్మల్ని బాధపెడుతున్నవారి పేర్లు, వచ్చిన బెదిరింపు ఉన్నది ఉన్నట్టుగా, చివర ఒక మనవి. పేర్లు రాసేటప్పుడు కలం ఆగుతుంది. ఆ పేరు రాసి దాని పక్కన “మీ తండ్రి సెలవు లేక” అన్న మత్తయి సువార్త 10వ అధ్యాయపు మాటను రాయండి. కాసుకు రెండు చొప్పున అమ్ముడుపోయే పిచ్చుకల గురించి యేసు అన్న మాట అది. ఆ మనిషి శక్తి ఎంతటిదైనా ఆ సెలవు దాటి వెళ్లలేడని చూపించడానికి పొడవైన ప్రసంగం కంటే ఆ రెండు మాటలూ పక్కపక్కన కనిపించడం ఎక్కువ పనిచేస్తుంది.

చేతిలో ఉన్న మార్గాలను వాడుకోవడం

దేవుని మీద భారం వేశామని చెప్పి చేతులు కట్టుకొని కూర్చోవడాన్ని కొందరు గొప్ప విశ్వాసంగా చూస్తారు. పౌలు అలా చేయలేదు. కార్యములు 23వ అధ్యాయంలో, యెరూషలేము కోటలో ఖైదీగా ఉన్న అతని దగ్గర ప్రభువు రాత్రివేళ నిలిచి, ధైర్యంగా ఉండమని, రోమాలో కూడా సాక్ష్యమియ్యవలసి ఉన్నదని చెప్పాడు. తెల్లవారేసరికి నలభై మందికి పైగా మనుషులు పౌలును చంపేవరకు తినము, త్రాగము అని ఒట్టు పెట్టుకున్నారు. ఈ కుట్ర పౌలు మేనల్లుడి చెవిన పడింది. అతడు కోటలోకి వచ్చి చెప్పాడు. రోమాకు చేరతానని స్వయంగా ప్రభువే మాట ఇచ్చాడు గనుక ఈ కబురు అక్కరలేదని పౌలు అనలేదు. ఒక శతాధిపతిని పిలిచి, ఈ పిల్లవానిని సహస్రాధిపతి దగ్గరకు తీసుకొని వెళ్లమన్నాడు. ఆ రాత్రే రెండువందల మంది సైనికులు, డెబ్బై మంది గుర్రపు రౌతులు, రెండువందల మంది ఈటెలవారు కలిసి అతనిని దాటించారు. వాగ్దానం నెరవేరిన దారి మేనల్లుడి చెవి, శతాధిపతి కాళ్లు, రోమా సైన్యపు గుర్రాలు.

దీనిని ఈనాటికి అన్వయించుకుంటే చేయవలసినవి చాలా మామూలు పనులు. బెదిరింపు వచ్చిన తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, అక్కడ ఉన్నవారు ఎవరన్నది ఆ రోజే ఒక పుస్తకంలో రాయండి; నెల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే మాటలు మారిపోతాయి. ఫోనుకు వచ్చిన సందేశాలను చెరిపివేయకుండా మరొక చోట కూడా దాచండి. సంఘ కాపరికీ, మీకు నమ్మకమైన మరొకరికీ విషయం తెలియజేయండి. అవసరమైతే న్యాయవాదిని కలవండి. ఫిలిప్పీలో పౌలు తన రోమా పౌరసత్వాన్ని గుర్తు చేశాడు, రోమా అధిపతి ఫేస్తు ఎదుట, చక్రవర్తి అయిన కైసరుకే చెప్పుకొంటానన్నాడు. కాబట్టి చట్టం ఇచ్చిన హక్కును అడగడం లోకానుసారమని ఎవరైనా అంటే ఈ రెండు సందర్భాలూ చూపించండి.

ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు ముందు అక్కడి నుండి వెళ్లిపోవాలి. ఒక పట్టణంలో హింసిస్తే మరొక పట్టణానికి పారిపొమ్మని యేసే శిష్యులకు చెప్పాడు; దమస్కులో పౌలును గంపలో పెట్టి గోడ మీదుగా దింపారు. దెబ్బలు తింటూ ఆ ఇంట్లోనే పడి ఉండడమే సాక్ష్యమని ఎవరైనా ఉపదేశిస్తే ఆ ఉపదేశాన్ని వినకండి. తొలి సంఘం కూడా ఈ విషయంలో తెలివిగానే ఆలోచించింది. క్రీ.శ. 155 ప్రాంతంలో స్ముర్నలో హతసాక్షి అయిన, అంటే విశ్వాసం కోసం చంపబడిన, అక్కడి సంఘ అధ్యక్షుడు పోలికార్పు, స్నేహితుల కోరిక మీద మొదట ఊరు విడిచి పల్లె ఇంటికి వెళ్లాడు. ఆయన మరణాన్ని గురించి ఆ సంఘమే రాసిన ఉత్తరంలో, తనంతట తానే అధికారుల ఎదుటకు వెళ్లి, శిక్షగా తన మీదికి వదలబోయే మృగాలను చూసి భయపడి విశ్వాసాన్ని వదులుకున్న క్వింటస్ అనే వ్యక్తి ప్రస్తావన కూడా ఉన్నది. తమను తాము అప్పగించుకొనేవారిని మేము మెచ్చుకోము, సువార్త అలా బోధించదు అన్నది ఆ ఉత్తరం తీర్పు. పోలికార్పు మాత్రం, సైనికులు వెదుకుతూ వచ్చి పట్టుకున్నప్పుడు, వారికి భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగి, రెండు గంటలు ప్రార్థించాడు. క్రీస్తును దూషించమన్నప్పుడు, ఎనభై ఆరేండ్లు ఆయనను సేవించానని, ఆయన తనకు ఏ కీడూ చేయలేదని జవాబిచ్చాడు.

విడుదల రానప్పుడు

ఈ భాగం రాయడం కష్టం, చదవడం ఇంకా కష్టం. కార్యములు 12వ అధ్యాయం ఆరంభంలో హేరోదు (పైన చెప్పిన హేరోదు కాదు, అదే వంశపు మరో రాజు) యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురును చెరలో వేసి పదహారు మంది సైనికులను కాపలా పెట్టాడు. రేపు విచారణ అనగా ఆ రాత్రి ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోతున్న పేతురును దూత లేపి బయటకు తెచ్చాడు. ఇద్దరూ అపొస్తలులే. ఇద్దరినీ ప్రభువే పిలిచాడు. ఒకరికి కత్తి, మరొకరికి తెరచుకున్న ఇనుప తలుపు ఎందుకు దక్కాయో ఆ గ్రంథం రాసిన లూకా ఒక్క మాట కూడా చెప్పలేదు. పేతురు కోసం సంఘం అత్యాసక్తితో ప్రార్థించిందన్నది నిజమే. అంతటి ప్రార్థన చేసినవారే, పేతురు తలుపు దగ్గర ఉన్నాడని రొదే అనే చిన్నది వచ్చి చెబితే నీకు పిచ్చి పట్టిందన్నారు. కాబట్టి ప్రార్థన బలంగా ఉంటే విడుదల, బలహీనంగా ఉంటే మరణం అన్న లెక్క ఆ అధ్యాయంలో కుదరదు.

మీ ఎదిరింపు నెలలు, సంవత్సరాలు సాగితే, మీ విశ్వాసంలో లోపం ఉన్నందువల్లే ఇలా జరుగుతున్నదని చెప్పేవారు తప్పక వస్తారు. వారికి ఈ అధ్యాయం చదివి వినిపించండి. పౌలును 470 మంది కాపలాతో దాటించిన ఆ ప్రయాణం కూడా తిన్నగా రోమాకు వెళ్లలేదు. కైసరయలో రెండేండ్ల ఖైదు దగ్గర ఆగింది, అది కూడా అక్కడి రోమా అధిపతి ఫేలిక్సు లంచం ఆశించినందువల్ల, యూదులను సంతోషపెట్టాలనుకున్నందువల్ల. మనుషుల నీచమైన ఉద్దేశాలు కూడా ఆ దారిలో ఉన్నాయి, ప్రభువు మాటా నిలిచింది.

ఇక ఎదుటివారికి జవాబు చెప్పే విషయానికి వస్తే, సాత్వికంతోనూ భయంతోనూ చెప్పమని పేతురు అన్నదానికి నేను చేర్చగలిగింది ఒక్కటే: రాత్రివేళ జవాబు పంపకండి. కుటుంబంలోని ఒకరు పదకొండు గంటలకు మీ విశ్వాసాన్ని ఎగతాళి చేస్తూ సందేశం పెట్టారనుకోండి. జవాబు రాయాలనిపిస్తే కాగితం మీద రాసి మడిచి పెట్టండి. ఉదయం దానిలో ఆయనను గాయపరచడానికి రాసిన వాక్యాలను కొట్టివేయండి. తరచుగా “మీకు బాధ కలిగిందని అర్థమైంది, కలిసినప్పుడు మాట్లాడుకుందాం” అన్నంత మాత్రమే మిగులుతుంది, అది పంపండి.

కష్టంలో ఉన్నది మీరు కాక మీ తోటి విశ్వాసి అయితే, అతనికి ఏం కావాలో అడిగి దానిని తీసుకొని వెళ్లండి. తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో, ప్రభువు ప్రతి దుష్కార్యం నుండి తనను తప్పిస్తాడని ధీమాగా చెప్పిన పౌలే, త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెచ్చి పెట్టమని అడిగాడు. శీతకాలం రాకమునుపే రావడానికి ప్రయత్నించమన్నాడు.