వచ్చినవారి పని సులువుగా జరిగేలా వ్యాపార వెబ్‌సైట్‌ను సరిచేసుకోవడం

వ్యాపార వెబ్‌సైట్‌కు వచ్చే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని ఉంటుంది: ధర తెలుసుకోవాలి, ఆర్డరు పెట్టాలి, లేదా కొన్న వస్తువును తిరిగి పంపించాలి. అందుచేత రంగుల జోలికి వెళ్లకముందే, మీ సైట్‌కు జనం ముఖ్యంగా ఏ మూడు నాలుగు పనుల మీద వస్తున్నారో కాగితం మీద రాసుకోండి. వినియోగదారులు ఫోన్‌లో మిమ్మల్ని పదేపదే ఏమి అడుగుతున్నారో గుర్తు చేసుకుంటే ఈ జాబితా సగం సిద్ధమైనట్లే. సైట్‌లో సమాధానం దొరకనందువల్లనే చాలామంది ఫోన్ చేస్తారు.

ఆ తర్వాత, మీ సైట్‌ను ఎన్నడూ చూడని ఒకరిని పిలిచి, వారి ఫోన్‌లోనే దానిని తెరిపించి, ఆ పనుల్లో ఒకదానిని చేయమనండి. మీరు పక్కన కూర్చుని మౌనంగా చూడండి. "అక్కడ నొక్కండి" అని చెప్పాలని నోటిదాకా వచ్చిన చోటే సైట్‌లో లోపం ఉందని గుర్తుపెట్టుకోండి. ఇలా ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్లను వాడటానికి సులువుగా మార్చే రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఖర్చు లేని ఈ పరీక్షను వదిలేసి నేరుగా కొత్త డిజైన్ చేయించడం తొందరపాటని నా గట్టి అభిప్రాయం.

చాలామంది ఫారం దగ్గరే ఆగిపోతుంటారు. ఒక ఉదాహరణ చూడండి. వినియోగదారుడు ఫోన్ నంబరును మధ్యలో ఖాళీ వదిలి టైప్ చేసి, కింది బటన్ నొక్కుతాడు. పేజీ మళ్లీ మొదటికి వచ్చి, పైన ఎర్ర అక్షరాల్లో "వివరాలు సరిగా లేవు" అని మాత్రమే చూపిస్తుంది. అంతవరకు నింపిన చిరునామా కూడా చెరిగిపోయి ఉంటుంది. ఆ మనిషి మళ్లీ మొదటి నుంచి నింపుతాడని ఆశించడం న్యాయం కాదు. నంబరు మధ్యలోని ఖాళీలను సైటే తొలగించుకోవాలి. తప్పు ఏ గడిలో ఉందో, దానిని ఎలా సరిదిద్దాలో ఆ గడి పక్కనే చెప్పాలి, రాసినదంతా అలాగే నిలిచి ఉండాలి. గడి పేరును గడి లోపల లేతగా రాస్తే, టైప్ చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది. కాబట్టి పేరును గడి పైనే ఉంచండి. ఫోన్ నంబరు గడిని తాకగానే అంకెల కీబోర్డు వచ్చేలా, గడుల్లోని అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గకుండా చూడమని డెవలపర్‌కు చెప్పండి. అంతకంటే చిన్నవైతే ఐఫోన్‌లో గడిని తాకగానే పేజీ తనంతట తానే పెద్దదై పక్కకు జరుగుతుంది. ఇక బటన్ మీద "సమర్పించండి" అనే బదులు "ఆర్డరు పెట్టండి" అని, జరగబోయే పనినే రాయండి.

వేగం విషయంలో గూగుల్ పెట్టిన కొలతలు స్పష్టంగా ఉన్నాయి: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో మీ సైట్ చిరునామా ఇచ్చి వీటిని చూసుకోవచ్చు. ఆలస్యానికి తరచుగా కారణం, కెమెరాలో తీసిన ఫోటోను 4000 పిక్సెళ్ల వెడల్పుతో ఉన్నది ఉన్నట్లే ఎక్కించడం. దానిని తెరకు సరిపడేంత తగ్గించి, ఫైలు బరువును తగ్గించే వెబ్‌పీ (WebP) అనే చిత్ర రూపంలోకి మార్చండి. ఫోటో కొలతలను కోడ్‌లో ముందే పేర్కొంటే, అది ఆలస్యంగా వచ్చినప్పుడు కింది భాగమంతా జరిగిపోయి వేలు వేరే బటన్ మీద పడే ఇబ్బంది తప్పుతుంది. తనంతట తానే తిరిగే ముఖపేజీ చిత్రాలను మాత్రం తీసేయడమే మేలు.

సాధారణ సైజు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. తెల్లని నేపథ్యం మీది లేత బూడిద రంగు అక్షరాలు ఆఫీసు గదిలో అందంగా కనిపించినా, ఎండలో నిలబడి ఫోన్ చూసేవారికి, చూపు మందగించిన పెద్దలకు అవి కనిపించవు. మీ ఫోన్ నంబరును చిత్రంలో భాగంగా కాక, నొక్కితే కాల్ వెళ్లే అక్షరాలుగా ప్రతి పేజీలోనూ ఉంచండి.

మార్పులన్నింటినీ ఒకేసారి చేయకుండా ఒక్కొక్కటిగా చేసి, ప్రతిసారీ అదే పనిని మళ్లీ చేయించి చూడండి. అయితే ఈసారి కొత్త మనిషిని పిలవండి, ఎందుకంటే మొదట వచ్చినవారికి దారి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.