పాత ఫిల్మ్ కెమెరా లైట్ మీటర్‌కి ఏ బ్యాటరీ వెయ్యాలి?

నేను వాడేది మినోల్టా ఎస్‌ఆర్‌టి 101, 1966లో వచ్చిన మోడల్. షట్టర్ పూర్తిగా మెకానికల్, బ్యాటరీ లేకపోయినా ఫొటో పడుతుంది. వెలుతురు కొలిచే లైట్ మీటర్ ముల్లు కదలడానికి మాత్రం బ్యాటరీ కావాలి. అది దొరకదని మీటర్‌ని పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఫిల్మ్ రోలు ఇంత ఖరీదైన రోజుల్లో బాగున్న మీటర్‌ని వదులుకోవడం నాకు ప్రాణం ఒప్పదు. దారి ఉంది, అదీ సులువైనదే.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. ఈ కెమెరాలకి అప్పట్లో వేసింది పీఎక్స్‌625 అనే పాదరసం బ్యాటరీ, 1.35 వోల్టులది. అది దాదాపు చివరిదాకా అదే వోల్టేజీ ఇచ్చి, ఆ తర్వాత చటుక్కున ఆగిపోయేది. ఆ నిలకడ మీద నమ్మకంతోనే చాలా కెమెరాల మీటర్లలో వోల్టేజీని సరిచేసే ఏర్పాటు పెట్టలేదు. పాదరసం విషం కాబట్టి అమెరికా 1996లో చట్టం తెచ్చి వీటి అమ్మకం ఆపింది. మిగతా చోట్లా మెల్లగా కనుమరుగయ్యాయి. ఒలింపస్ ఓఎం-1, కానన్ కానోనెట్, నిక్కోర్‌మాట్ ఎఫ్‌టిఎన్, యాషికా మ్యాట్ 124జి వాడేవాళ్ళందరిదీ ఇదే కథ.

ఇప్పుడు ‘625’ అని అడిగితే షాపువాళ్ళు ఇచ్చేది ఆల్కలైన్ బ్యాటరీ. దాని మీద 625ఎ అనో ఎల్‌ఆర్9 అనో ఉంటుంది. కెమెరా బ్యాటరీ గదిలో చక్కగా కూర్చుంటుంది, ముల్లు హుషారుగా లేస్తుంది. కానీ అది 1.5 వోల్టులది. ఉన్నదానికంటే వెలుతురు ఎక్కువుందని మీటర్ అనుకుంటుంది, మీరు దాని మాట విని ఫిల్మ్‌కి తక్కువ వెలుతురు (ఎక్స్‌పోజర్) ఇస్తారు, నెగటివ్ పలచగా వస్తుంది. ‘ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) డయల్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించుకుంటే సరి’ అని సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఆల్కలైన్ వాడేకొద్దీ వోల్టేజీ దిగుతూ పోతుంది, కాబట్టి ఈ నెల తప్పు వచ్చే నెల తప్పుతో కలవదు. పైగా ఎండలో చూపించే తేడా వేరు, నీడలో చూపించే తేడా వేరు.

నా ఓటు చెవి మిషన్ బ్యాటరీకి. వినికిడి మిషన్లు అమ్మే షాపుకి వెళ్ళి 675 నంబరు అడగండి. నీలం రంగు స్టిక్కర్ ఉంటుంది; నారింజ రంగుది 13, గోధుమ రంగుది 312, అవి చిన్నవి. ఇది జింక్-ఎయిర్ రకం, 1.4 వోల్టులు, అయిపోయేదాకా నిలకడగా ఇస్తుంది. పాత బ్యాటరీతో ఉన్న ఆ కాస్త తేడా నెగటివ్ ఫిల్మ్‌లో కనపడదు. స్టిక్కర్ తీశాక కొన్ని నిమిషాలు బయటే ఉంచి గాలి తగలనివ్వండి, తర్వాతే కెమెరాలో వెయ్యండి. గాలి సోకిన క్షణం నుంచి దాని ఆయుష్షు మొదలవుతుంది. మీరు వాడినా వాడకపోయినా రెండు మూడు నెలలే. అందుకే ఫిల్మ్ ఎక్కించే రోజు దాకా నేను స్టిక్కర్ ముట్టుకోను.

దీని వెడల్పు 11.6 మిల్లీమీటర్లు, పాతది 16కి దగ్గర. ఊగకుండా చుట్టూ రబ్బరు ఓ-రింగు వెయ్యాలి. కుళాయి సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. కొన్ని కెమెరాల్లో ప్లస్ కనెక్షన్ గది పక్క గోడ నుంచి ఉంటుంది. అక్కడ రబ్బరు బదులు రాగి తీగ చుట్టండి, అది మైనస్ వైపు తగలకుండా చూసుకోండి. సన్నని రంధ్రాలున్న చదును వైపు ప్లస్. ఆ రంధ్రాలు ఎట్టి పరిస్థితిలోనూ మూసుకుపోకూడదు.

రెండు మూడు నెలలకోసారి మార్చడం విసుగనిపిస్తే ఎంఆర్-9 లాంటి అడాప్టర్ కొనుక్కోండి. ఆకారం పీఎక్స్‌625దే, లోపల ఎస్‌ఆర్43 సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ పెడతారు. దాని 1.55 వోల్టుల్ని అడాప్టర్ 1.35కి దించుతుంది. బ్యాటరీ మీద 386 అని ఉన్నా అదే, వాచీ షాపులో అడగొచ్చు. అడాప్టర్ ఖరీదెక్కువ అనిపిస్తే, చెయ్యి తిరిగిన మెకానిక్ బ్యాటరీ తీగలో వోల్టేజీని కాస్త దించే షాట్కీ డయోడ్ కలిపి ఇస్తాడు. హైదరాబాద్‌లో అయితే డయోడ్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళడమే.

పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఉన్నవాళ్ళకి ఈ బెంగ లేదు. అందులో వోల్టేజీ తేడాని సర్దుకునే బ్రిడ్జ్ సర్క్యూట్ ఉంది, సరిపడే సైజు సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ నేరుగా వేసుకోవచ్చు. యాషికా ఎలక్ట్రో 35కి 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 పనిచేస్తుంది, పొడవు తక్కువ కాబట్టి మిగిలిన ఖాళీలో స్ప్రింగు పెట్టాలి. గేటు రిమోట్‌లో వేసే ఎ23 చూడ్డానికి అలాగే ఉంటుంది, అది 12 వోల్టులు, దగ్గరికి రానివ్వకండి. ఒలింపస్ ట్రిప్ 35కి అసలు బ్యాటరీయే అక్కర్లేదు.

కొత్త బ్యాటరీ వేసినా ముల్లు కదలకపోతే గది లోపల చూడండి. తెల్లగానో పచ్చగానో పొర కట్టి ఉంటే, ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో కొద్దిగా ముంచి తుడవండి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి. అయినా కదలకపోతే అడుగున తీగ తినేసి ఉంటుంది, టంకం వెయ్యాల్సిందే.

తర్వాత పరీక్ష. మబ్బులేని మధ్యాహ్నం, ఎండ పడుతున్న పచ్చగడ్డి వైపు కెమెరా పెట్టండి. ఐఎస్ఓ 100 దగ్గర, ఎఫ్16 అపర్చర్‌లో షట్టర్ వేగం 1/125 సెకనుకి అటూ ఇటూగా చూపించాలి. తెల్ల గోడ మీద చూస్తే లెక్క తప్పుతుంది. ఆ తర్వాత ఇంట్లోకి వచ్చి, కిటికీ పక్కన ఫోన్‌లోని మీటర్ యాప్‌తో పోల్చండి. రెండు చోట్లా కలిస్తేనే రోలు ఎక్కించండి.

కెమెరా కొన్నప్పుడు లోపల పాత పాదరసం బ్యాటరీ ఉంటే చెత్తబుట్టలో వెయ్యకండి, కోసి చూడకండి. మూతున్న చిన్న డబ్బాలో పెట్టి, పిల్లలకి అందకుండా ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ‘ఇందులో పాదరసం ఉంది’ అని చెప్పి మరీ ఇవ్వండి.