రికవరీ ఏజెంటు గుమ్మంలోకి వస్తే ఏం చేయాలి?

ముందుగా రుణ ఒప్పందం, ఖాతా స్టేట్‌మెంటు, రసీదులు ఒక ఫైలులో పెట్టండి. ఫోన్లు వచ్చిన తేదీ, వేళ, మాట్లాడినవారి పేరు రాయడానికి నోటుబుక్కు ఉండాలి.

వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. వరి వంటి స్వల్పకాలిక పంటల రుణానికి ఆ గడువు రెండు పంటకాలాలు. అంతమాత్రాన మీరు నేరస్థులు కారు. సెటిల్‌మెంటు అంటే బాకీలో కొంత వదిలి ఖాతా మూయడం. క్రెడిట్ నివేదికలో అది పూర్తిగా తీర్చిన అప్పుగా కనిపించదు.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు; మైక్రోఫైనాన్స్ రుణాలకు ఆ వేళలు 9, 6. బంధుమిత్రులను వేధించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. వచ్చినవారిని బ్యాంకు అధికార పత్రం, గుర్తింపు కార్డు చూపమనండి.

అసలు చిక్కంతా సంతకం దగ్గర ఉంది. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున బైకు సీటు మీద కాగితం పరిచి, "మేం వచ్చినట్టు ఒక్క సంతకం పెట్టండి సార్, వెళ్లిపోతాం" అంటారు. ఆ కాగితంలో బాకీని ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం ఉండవచ్చు. తనఖా లేని అప్పుకు దావా గడువు సాధారణంగా 3 ఏళ్లు; అది తీరకముందు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత కట్టి ఆ సంగతి మీ చేతిరాతతో గానీ సంతకంతో గానీ నమోదైనా, ఆనాటి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. అప్పిచ్చినవారు ప్రామిసరీ నోటు వెనుక చెల్లు వేయించేది అందుకే. గడువు దాటాక కడతానని రాసిచ్చినా అది కొత్త ఒప్పందమై కూర్చుంటుంది. బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. చదవని కాగితంపైనా, మొత్తం రాయని చెక్కుపైనా సంతకం పెట్టవద్దంటున్నాను. బాకీ సివిల్ వ్యవహారం, చెక్కు బౌన్సైతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు. నకలు తీసుకుని, లెక్క సరిచూసి రాతపూర్వకంగా జవాబిస్తామని పంపేయండి. కట్టే డబ్బు రుణ ఖాతాలోనే వేయండి, ఏజెంటు సొంత యూపీఐకి పైసా పంపవద్దు.

కొందరు ఊరి పెద్దమనుషులతో మాట్లాడిస్తారు. ఆ రాజీ బ్యాంకు రికార్డుల్లోకి ఎక్కదు. మొత్తం, గడువు రాసిన సెటిల్‌మెంటు లేఖ బ్యాంకు లెటర్‌హెడ్ మీద చేతికొచ్చేదాకా సెటిల్‌మెంటు పేరుతో రూపాయి కట్టకూడదు.

వేధింపుల మీద బ్యాంకుకు స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలు 14448 నంబరులో చెబుతారు. కొట్టినా బెదిరించినా ఆ 30 రోజులు ఆగనక్కర్లేదు, నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లండి. ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు గనుక, వారి బెదిరింపులకూ స్టేషనే దారి.