బర్త్ సర్టిఫికెట్‌లో పిల్లల పేరు ఎక్కించడం ఎలా?

చీపురుపల్లి చుట్టుపక్కల చాలామందికి ఈ ఫారాలు రాసిపెడుతుంటాను, అందరూ చేసే తప్పు ఒకటే, పేరూ స్పెల్లింగూ ఇంట్లో తేల్చుకోకుండా వచ్చేస్తారు. ఫలానా పేరు పెట్టకూడదని మన దేశంలో లిస్టేం లేదు. న్యూజిలాండ్‌లో పేరు మరీ పొడుగైనా, కింగ్ లాంటి బిరుదు పెట్టినా రిజిస్ట్రార్ ఆపేస్తాడు, ఐస్‌లాండ్‌లో కొత్త పేరైతే కమిటీ ఒప్పుకోవాలి. ఇక్కడ అప్పలనాయుడు అనండి, నెట్‌లో ఏరుకొచ్చిన ఆర్యాంశ్ అనండి, అడిగేవాడు లేడు. మన చట్టం పట్టుకునేది గడువు దగ్గర, తర్వాత మార్పుల దగ్గర.

1. పుట్టుక 21 రోజుల్లోపు నమోదవ్వాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు, ఇంట్లో పుడితే మీరే చెప్పాలి.

2. అప్పటికి పేరు లేకపోయినా పర్లేదు, బారసాల అయ్యాక రాయించుకోవచ్చు. 12 నెలల దాకా ఫీజు లేదు, ఆపైన 15 ఏళ్ల వరకూ లేట్ ఫీజు. అలాగని సాగదీయకండి, 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ కాగితమే రుజువు.

3. స్పెల్లింగ్. ఇక్కడ ఆగండి. పైడితల్లమ్మకి మొక్కుకుని పైడిరాజు అని పెడతారు, బాగానే ఉంది, కానీ ఇంగ్లీషులో ‘పి ఏ ఐ’ అని మొదలెడతారా ‘పి వై’ అనా? నాన్న ఒకటి చెప్తాడు, మేనమామ ఇంకోటి, ఈలోగా న్యూమరాలజీ ఆయన మరో ‘ఏ’ తగిలించమంటాడు. ఇంట్లో తేల్చుకోకుండా కౌంటర్ దగ్గరికి రావద్దు.

ఎందుకంటే ఒకసారి ఎక్కాక చెరిపి రాయడం ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ప్రకారం తప్పుంటే మార్జిన్‌లో సరిచేసి సంతకం, తేదీ వేస్తారు, పాత ఎంట్రీ అలాగే ఉంటుంది. అక్షరం తప్పంటే ఆధారం చూపించి దిద్దించుకోవచ్చు, ఏకంగా పేరే మార్చెయ్యమంటే మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోరు.

నా సలహా అయితే, ఇంటిపేరు పూర్తిగా రాయండి, ఇనీషియల్ పెట్టకండి, పేరు రెండు మాటలు దాటకపోతే మేలు. తాత పేరు, దేవుడి పేరు, ముద్దుపేరు అన్నీ ఒకే గడిలో కుక్కితే రేపు ఆధార్‌లో ఒకలాగ, టెన్త్ మెమోలో ఇంకోలాగ వస్తుంది. కొందరు ఫోన్లో చెప్పి రాయించుకుంటారు, వాయిస్ మెసేజ్ పెడతారు, అసలొద్దు. తెల్లకాగితం మీద తెలుగులో, కింద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి, అమ్మానాన్న ఇద్దరూ సంతకం పెట్టి తెస్తేనే నేను ఫారం ముడతాను.

4. ఇద్దరికీ పడకపోతే? 2023లో కేరళలో అమ్మానాన్నలు తేల్చుకోలేక కేసు హైకోర్టుకెళ్తే చివరికి కోర్టే పేరు ఖాయం చేసింది. తండ్రి పోతే ఇంటిపేరు తేల్చే హక్కు తల్లిదేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్రా కేసే. కాబట్టి ఆ సందర్భంలో అత్తారింటి వాళ్లు ఒత్తిడి చేసినా భయపడక్కర్లేదమ్మా.

5. సర్టిఫికెట్ ఇవ్వగానే కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. పిల్లల పేరొక్కటే కాదు, అమ్మ పేరు స్పెల్లింగ్ కూడా ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. జిరాక్స్‌లు ఆ తర్వాత.