పార్క్ చేసిన కారుకు ఇంట్లో చేసిన మంచు కవర్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

కవర్ అద్దానికి అతుక్కుపోయింది

రాత్రి పాత దుప్పటి కప్పి హాయిగా పడుకుంటాం. పొద్దున చూస్తే దుప్పటే గడ్డకట్టి అద్దాన్ని పట్టుకుని ఉంటుంది. తప్పు మంచుది కాదు, నీళ్లది. అప్పుడే నడిపి తెచ్చిన కారు బానెట్, ముందు అద్దం ఇంకా వెచ్చగా ఉంటాయి. వాటి మీద ఉన్న మంచు కరిగి బట్టలోకి ఇంకుతుంది, కారు చల్లారాక అదే ఐసవుతుంది. అందుకే నూలు దుప్పట్లు, తువ్వాళ్లు ఈ పనికి రావు. టార్పాలిన్ గానీ పాత షవర్ కర్టెన్ గానీ వాడండి. కారు పూర్తిగా చల్లారాక, అద్దం పొడిగా తుడిచి కప్పండి.

ఇప్పటికే అతుక్కుంటే పీకకండి, వేడినీళ్లు అసలే పోయకండి. చల్లటి అద్దం ఒక్కసారిగా వేడెక్కితే పగలొచ్చు. ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి వస్తుంది. వాసన ఉండదు కాబట్టి తెలియను కూడా తెలియదు, ప్రాణాలకే ప్రమాదం. కారు ఆరుబయట ఉంటేనే, ముందు గ్రిల్, వెనక గొట్టం మీద కవర్ లేకుండా చూసుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. హీటర్ గాలి అద్దం మీదకు తిప్పితే కాసేపట్లో కవర్ దానంతటదే వదులుతుంది.

గాలికి లేచిపోతోంది, పెయింట్ మీద గీతలు పడుతున్నాయి

ఈ రెండింటికీ మూలం ఒకటే: కవర్ వదులుగా ఉండటం. దుమ్ము పట్టిన కారు మీద టార్పాలిన్ రాత్రంతా కొట్టుకుంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. నన్నడిగితే, గాలి ఎక్కువగా ఉండే చోట కారంతా కప్పాలన్న ఆశే వదులుకోవాలి. ముందు అద్దం వరకు కప్పితే చాలు, పొద్దున్నే అసలు తంటా దానితోనే కదా. షీటును అద్దం కన్నా రెండు పక్కలా ఒక జానెడు ఎక్కువ ఉండేలా కత్తిరించి, ఆ చెవుల్ని ముందు డోర్ల లోపలికి మడిచి డోర్లు వేసేయండి. చెవి ఒకే పొరగా ఉండాలి. మందంగా ఉంటే రబ్బరు సరిగ్గా మూసుకోక నీళ్లు సీటు మీదికి కారతాయి. వైపర్లను కవర్ కిందే ఉంచండి, ఆటోమేటిక్ వైపర్లయితే ఆఫ్ చేయడం మర్చిపోకండి.

కారంతా కప్పాల్సిందే అంటే, షీటుకు కన్నాలు పొడిచి తాడు కట్టకండి, అక్కడి నుంచే చిరుగుతుంది. మూలలో గుడ్డ ఉండ పెట్టి, షీటును దాని చుట్టూ మూటలా పట్టుకుని మెడ దగ్గర తాడు బిగించండి. కొందరు గులకరాయి పెడతారు, అది పెయింట్‌కు తగిలితే మరో గీత. తాళ్లను కారు కింద నుంచి అవతలి వైపుకు కట్టాలి, చక్రాలకు కాదు.

కవర్ ఉన్నా అద్దం లోపలి వైపు మంచు పేరుకుంది

ఆ తేమ కారు లోపలిదే. బూట్లకంటిన మంచు మ్యాట్ల మీద కరిగి ఆవిరై, రాత్రి అద్దానికి పడుతుంది. ఎక్కేముందు బూట్లు దులుపుకోండి, తడి మ్యాట్లు ఇంట్లో ఆరేయండి. నడిపేటప్పుడు బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది.

తీసేటప్పుడు బరువుకు చిరిగిపోతోంది

తడి మంచు పొడి మంచు కన్నా చాలా బరువు. ముందు మెత్తటి బ్రష్‌తో తోసేసి, తర్వాతే కవర్ మడవండి. తడి కవర్‌ను అలాగే డిక్కీలో కుక్కితే సాయంత్రానికి విప్పడానికి రాదు, ఎక్కడైనా వేలాడదీసి ఆరనివ్వండి.