కోబ్రా కమాండర్ నడుము జారిపోతే: పాత జి.ఐ. జో బొమ్మల సమస్యలు, పరిష్కారాలు

జి.ఐ. జో బొమ్మల్లో వీరుల పేర్లు మరచిపోయినవారికి కూడా ప్రతినాయకుడైన కోబ్రా కమాండర్ గుర్తుంటాడు. అమెరికాలో హాస్‌బ్రో సంస్థ 1982లో మూడు ముప్పావు అంగుళాల కొలతతో మొదలుపెట్టిన ఈ బొమ్మలను తరువాతి కాలంలో మన దేశంలో ఫన్‌స్కూల్ తయారుచేసి అమ్మింది. నా దగ్గరున్న కమాండరును సిరిమానోత్సవం చూడడానికి విజయనగరం వెళ్లిన ఏడాది గంటస్తంభం దగ్గర నాన్నగారు కొనిపెట్టారు. ఆ తరువాత అతడు శ్రీకాకుళంలోని మా ఇంటి అటక మీద రేకుపెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉండి, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి పైకప్పు కారడంతో తడిసిపోయాడు. పెట్టె తెరిచి బొమ్మను పైకెత్తగా మొండెం చేతిలోకి వచ్చింది గాని కాళ్లు పెట్టెలోనే ఉండిపోయాయి. ఆ బొమ్మను, తరువాత మా బంధువుల పిల్లల బొమ్మలను బాగుచేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నడుము వదులైంది, లేదా కాళ్లు ఊడిపోయాయి

పాత బొమ్మల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. ఈ బొమ్మ మొండెం ముందు, వెనుక అని రెండు చిప్పలుగా ఉంటుంది. వీపు మీద కనిపించే ఒకే ఒక్క స్క్రూ ఆ రెండింటినీ పట్టి ఉంచుతుంది. కాళ్లను మొండేనికి కలిపేది మాత్రం లోపల దాగి ఉన్న చిన్న నల్లని రబ్బరు ఓ-రింగు. దాని ఒక కొస మొండెం లోపల తగులుకుని ఉంటుంది. రెండో కొస నడుము ముక్క గుండా కిందికి దిగి, తొడలను కలిపే లోహపు కొక్కేన్ని పట్టుకుంటుంది. అంటే ఆ రింగు తయారైన రోజు నుంచీ సాగే ఉంటుంది. అలా సాగి ఉన్న రబ్బరు గాలికి, అటక మీది వేసవి వేడికి క్రమంగా గట్టిపడి, పగుళ్లు బారి, ఒకనాడు తెగిపోతుంది. ఇందులో చేసినవారి లోపమేమీ లేదు, రబ్బరు వయస్సు అంతే.

కొత్త రింగు కోసం బొమ్మల దుకాణాలకు వెళ్లి ప్రయోజనం లేదు. మోటారు పంపులు బాగుచేసేవారి దగ్గర గాని, కుళాయి సామాన్ల దుకాణంలో గాని అడగాలి. లోపలి వ్యాసం సుమారు 9.5 మిల్లీమీటర్లు, మందం సుమారు 2.4 మిల్లీమీటర్లు ఉన్న రింగు సరిపోతుంది. "ఏ మోటారుకి బాబూ?" అని అడిగిన దుకాణదారుకు జేబులోంచి తీసి కమాండరును చూపించాను. "బొమ్మకి రింగేటి!" అని నవ్వి, డబ్బాలోంచి నాలుగు రకాలు తీసి, ఏది పడుతుందో నన్నే చూసుకోమన్నాడు. ధర తక్కువే కనుక ఒకేసారి అరడజను కొనుక్కోవడం మంచిది.

స్క్రూ తీసేముందు కింద తెల్లని గుడ్డ పరుచుకోండి. చిప్పలు విడిపోగానే చేతులు, తల వాటంతట అవే జారి పడతాయి, స్క్రూ ఎటు దొర్లిందో కనపడదు. (కమాండరు ముసుగు వెనుక ఎలాంటి ముఖం ఉందోనని చిన్నప్పుడు తెగ ఊహించుకున్న నాకు, తల విడిగా చేతికి వచ్చినప్పుడు అది ఒకే ప్లాస్టిక్ ముద్ద అని తెలిసింది.) కొత్త రింగును కాళ్ల కొక్కేనికి తగిలించి, రింగులోంచి గట్టి దారం ఒకటి దూర్చి, ఆ దారాన్ని నడుము ముక్క గుండా పైకి లాగితే రింగు పైకొస వెంట వస్తుంది. దాన్ని మొండెం లోపల పాతది ఉన్నచోటనే తగిలించి, తలను, చేతులను వాటి గుంటల్లో అమర్చి, రెండో చిప్ప మూసి, దారాన్ని లాగివేసి స్క్రూ బిగించాలి. కీచుమంటోందని లోపల కొబ్బరినూనె వేసే అలవాటు మాత్రం వద్దు. నూనెకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

రింగు మార్చాక కాళ్లు మరీ బిగుసుకుని, కూర్చోబెడితే చటుక్కున వెనక్కి తన్నుకుంటున్నాయంటే రింగు చిన్నదైందన్నమాట. అలాగే వదిలేస్తే తొడల మధ్యనున్న సన్నని ప్లాస్టిక్ ముక్క విరిగిపోతుంది, దానికి అతుకు నిలవదు.

స్క్రూ కదలడం లేదు

మన తీరప్రాంతపు ఉప్పుగాలికి ఇంత చిన్న స్క్రూ తుప్పు పట్టడం వింత కాదు. తుప్పు వదిలించే నూనెను సూదిమొనతో ఒక్క చుక్క మాత్రమే స్క్రూ తల మీద వేసి, ఒక రాత్రి ఆగి, చుట్టూ శుభ్రంగా తుడిచి ప్రయత్నించండి. గాడి అరిగిపోయి స్క్రూడ్రైవర్ జారుతుంటే, వెడల్పాటి రబ్బరుబ్యాండు ముక్కను మధ్యలో పెట్టి గట్టిగా అదిమి తిప్పితే చాలాసార్లు పట్టు దొరుకుతుంది. తిరిగి బిగించేటప్పుడు, పైకెత్తిన చేయి వాలిపోకుండా నిలిచిందంటే అక్కడితో ఆపాలి. ఇంకొక్క చుట్టు బిగిద్దామన్న ఆశతోనే లోపలి మరలు అరిగిపోతాయి.

బొటనవేలు విరిగింది, మోచేయి చీలింది

బొటనవేలు విరగడానికి కారణం ఆయుధమే. పిడి లావుగా, చేయి గట్టిగా ఉన్నప్పుడు బలవంతంగా దూరిస్తే ముందు విరిగేది ఆ వేలే. చేతిని మరగని వేడినీళ్లలో అర నిమిషం ముంచి, మెత్తబడ్డాక ఆయుధాన్ని నెమ్మదిగా అమర్చితే ఆ ప్రమాదం ఉండదు. విరిగిన వేలిని క్షణాల్లో అంటుకునే జిగురుతో అతికించవచ్చు గాని, అది చూడడానికే. ఆ చేతికి మళ్లీ ఆయుధం ఇవ్వకూడదు. పైగా ఆ జిగురు ఆవిరికి చుట్టుపక్కల తెల్లని పొర ఏర్పడుతుంది. నా అభిప్రాయంలో, పాడైపోయిన మరో బొమ్మ నుంచి చేతిని తెచ్చి మార్చడమే సరైన మరమ్మతు. 1983 నుంచి వచ్చిన బొమ్మల్లో మోచేతికి పైభాగం కూడా గుండ్రంగా తిరుగుతుంది కనుక, చేయి ఏ వైపు మడుస్తుందో చూసుకుని మడవాలి. ఎదురు దిశలో వంచితే మోచేతి కీలును పట్టి ఉంచే చిన్న లోహపు మేకు (రివెట్) చుట్టూ సన్నని చీలిక మొదలవుతుంది.

ముట్టుకుంటే జిగటగా ఉంది

మెత్తటి ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన ద్రవం వేడికి మెల్లగా పైకి ఊరడం వల్ల ఇలా అవుతుంది. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా కలిపి, మెత్తని పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీడలో ఆరబెడితే చాలావరకు పోతుంది. పెట్రోలు, థిన్నరు జోలికి పోవద్దు. అవి రంగుతోపాటు ప్లాస్టిక్‌ను కూడా తింటాయి. బొమ్మలున్న పెట్టెలో పురుగులు పట్టకుండా కలరా ఉండలు వేయడం మన ఇళ్లలో పరిపాటి, మా అమ్మ కూడా అదే చేసింది. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగించగలదు. మా పెట్టెలో ఉండను ఆనుకుని ఉన్న ఒక చిన్న కారు తలుపు మీద గుండ్రని గుంట పడింది. బొమ్మలను విడివిడిగా నూలుగుడ్డలో చుట్టి, అటక మీద కాకుండా నేల మట్టానికి దగ్గరగా ఉన్న అలమరలో పెట్టండి.

ఛాతీ మీది పాము గుర్తు చెరిగింది

చిన్నప్పుడు ఆడుకున్న వేళ్లే దాన్ని చెరిపాయి. కొందరు ఎర్రరంగుతో మళ్లీ దిద్దుతారు, నేను దిద్దలేదు.