ముంగారు పడకముందే పెరటి కోళ్లకు, టర్కీలకు జాగ్రత్తలు

ఎండాకాలంలో మన సీమ నేల కాలిపోతున్నా, నీళ్ల తొట్టి పక్కన, చెట్టు నీడన, గూటి మూలల్లో పురుగుల గుడ్లు బతికే ఉంటాయి. జూన్‌లో రెండు వానలు పడ్డాయంటే పెరడంతా తడి. రోగం అక్కడినుంచే మొదలవుతుంది. అందుకే మందు కోడి నోట్లో పోయడంతో సరిపెట్టుకోకుండా మే ఆఖరులోపే గూడు, నేల కూడా బాగు చేసుకోవాలి.

ముందు గోమార్ల సంగతి. కోళ్ల గోమారు పశువుల గోమారులా ఒంటిని పట్టుకుని ఉండదు. పగలు గోడ సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగి మళ్లీ సందులోకి పోతుంది. పిల్ల గోమార్లు మాత్రం కొన్ని రోజులు రెక్క కిందే అంటుకుని ఉంటాయి. మట్టి గోడలు, కడప బండలు పేర్చి కట్టిన గూళ్లు వీటికి మంచి చోటు. తిండి లేకపోయినా ఏడాదికి పైగా బతుకుతాయి కాబట్టి, గూడు ఖాళీగా వదిలేస్తే చస్తాయని అనుకోవద్దు. రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసి గోడలు, కోళ్లు పడుకునే కర్ర కింది వైపు చూడండి. కనిపిస్తే కోళ్లను బయటికి తోలి, దాణా, నీళ్ల గిన్నెలు తీసేసి, డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు లీటరు నీళ్లకు 3 మి.లీ. కలిపి సందుల్లోకి దిగేలా కొట్టాలి. పూర్తిగా ఆరాకే కోళ్లను లోపలికి వదలాలి. గుడ్లు పొదిగి కొత్తవి వస్తాయి కనుక 15 రోజులకు మళ్లీ కొట్టాలి. ఆ తర్వాత సందులు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం వేయండి. ఇది వదిలేస్తే కోళ్లు రక్తం తగ్గి పాలిపోతాయి. పైగా ఆకుపచ్చగా పారుతూ చనిపోయే స్పైరోకీటోసిస్ అనే జ్వరాన్ని ఈ గోమార్లే అంటిస్తాయి.

గూటి నేల చుట్టుపక్కల కంటే అర అడుగు ఎత్తు ఉండాలి. కర్నూలు వైపు నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, అక్కడ గరుసు తోలించడం తప్పదు. అనంతపురం ఎర్ర నేలల్లో అంత ఇబ్బంది లేదు. శెనక్కాయ పొట్టు పరిస్తే బూజు లేనిది చూసి రెండు మూడు అంగుళాలు వేయండి. పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదిలితే పొడిపొడిగా విడిపోవాలి. ముద్దగా ఉంటే ఆ రోజే మార్చాలి. తడి, వేడి కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్త పారుడు అంటించే శక్తి పెంటకు వస్తుంది. మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలకు ఇది ఎక్కువ. పెంటలో రక్తం కనిపిస్తే ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు కలిపి ఐదు రోజులు ఇవ్వాలి, వేరే నీళ్లు పెట్టకూడదు. ఆ రోజుల్లో బి-కాంప్లెక్స్ ఇవ్వొద్దు. విటమిన్ బి1 అందకుండా చేసే పనే ఈ మందుది, రెండూ కలిపితే మందు పనిచేయదు.

టర్కీలు పెంచేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి: నాటు కోళ్లు తిరిగిన నేల మీదికి టర్కీలను వదలొద్దు. కోళ్ల పేగుల్లో ఉండే సన్న పురుగు గుడ్లలో నల్లతల రోగం దాగి ఉంటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు. టర్కీ మాత్రం గంధకం రంగులో పసుపుగా పారి, రెక్కలు వేలాడేసి చనిపోతుంది. కోసి చూస్తే కాలేయం మీద గుండ్రని గుంట మచ్చలు ఉంటాయి. దీనికి నమ్మకమైన మందు లేదు. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి, వానపాముల ద్వారా కూడా చేరతాయి. కంచె, గిన్నెలు, చెప్పులు కూడా వేరుగా ఉండాలి.

నులిపురుగుల మందు అందరికీ ఒకే రోజు పోయండి. ఆల్బెండజోల్ 2.5 శాతం ద్రావణం కిలో బరువుకు 0.4 మి.లీ., మూడు వారాలకు మళ్లీ ఒకసారి. పైపరజీన్ పెద్ద పురుగులనే తీస్తుంది, టర్కీని చంపే సన్న పురుగును వదిలేస్తుంది. మందు పోశాక గుడ్లు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో పశువుల డాక్టరును అడగాలి.

నులిపురుగుల మందు అయిపోయిన పది రోజులకు కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు ఆర్2బి అనే రకం టీకా, చర్మం కింద అర మి.లీ. సీసాను ఐసులో తెచ్చి, కలిపాక రెండు గంటల్లో అయిపోగొట్టాలి. ఒక సీసాలో ఎక్కువ డోసులుంటాయి కనుక వీధిలో వాళ్లంతా ఒకే పొద్దున కోళ్లను గంపల కింద కమ్మి ఉంచుకుంటే వృథా కాదు. నలతగా ఉన్న కోడికి వేయొద్దు. వానలకు దోమలు పెరుగుతాయి, బొబ్బ రోగం వాటితో కూడా వస్తుంది. ఆ టీకా కూడా అడగండి.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఏరేసిన శెనక్కాయలు. పుచ్చు, బూజు గింజల్ని కోళ్లకు వేస్తారు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది, వేసిన టీకాను కూడా పనిచేయనివ్వదు. ఎండబెట్టినా ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు చనిపోయింది బూజు పట్టిన శెనక్కాయ పిండి తినే. గాదెలో మిగిలిన బూజు కాయలను పారేయండి, నష్టమనిపించినా సరే. జొన్నలు, కొర్రలు కూడా వాన పడకముందే ఎండబెట్టి మూతపెట్టి దాచుకోవాలి.

చేల నుంచి నెమళ్లు గింజల కోసం పెరట్లోకి వస్తుంటాయి. వాటికీ మన కోళ్లకూ ఒకే పురుగులు, ఒకే తెగుళ్లు. దాణా ఆరుబయట చల్లకుండా గూటి లోపలే పెడితే అవి రావు. 1972 వన్యప్రాణి చట్టం కింద నెమలిని పట్టడం, పెంచడం నేరం. చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పండి.

ఒకేసారి నాలుగైదు కోళ్లు చనిపోతే 1962 పశు వైద్య సహాయ నంబరుకు ఫోను చేయండి, లేదా దగ్గరి పశు వైద్యశాలకు చెప్పండి. పరీక్షకు ఒకటి ఉంచమంటే ఉంచి, మిగిలినవి మూడడుగుల గుంటలో సున్నం వేసి పూడ్చాలి. వంకలో వేయొద్దు. మిగిలిన కోళ్లను రోగం తేలేదాకా సంతకు తీసుకుపోవద్దు.